గంగరత్న తీసేసిన వైర్లు

2018లో నేను, ఇప్పటిలాగే, బెంగళూరులో కె.ఆర్.పురం దాటాక పాత మద్రాసు రోడ్డు మీదున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. పాఠం చెప్పేది ప్రొఫెసర్లు. మోటార్లు సరిగ్గా తిరిగేలా చూడడం, పోయిన ఫ్యూజు వెయ్యడం, విద్యార్థులు ఇచ్చిన కనెక్షన్ చూసి "ఊఁ, స్విచ్ వెయ్యి" అనడం నా పని. నేను ఊఁ అనకపోతే ఆ గదిలో ఏ మోటారూ కదలదు.

మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరినవాళ్ళకు పోయిన ఏడాది దాకా రెండు కథలు చెప్పేవాళ్ళు. ఒకటి, పరీక్షలో కంగారుపడి, సిద్ధంగా ఉన్న కనెక్షన్‌ని పీకిపారేసి ఫెయిలైన అమ్మాయి కథ. రెండోది, కరెంటు లేకుండానే కనెక్షన్ ఇవ్వడం నేర్పే బోర్డు కనిపెట్టి శాలువా కప్పించుకున్న ఇన్‌స్ట్రక్టర్ కథ. ఆ ఇన్‌స్ట్రక్టర్‌ని నేనే. రెండు కథలూ అబద్ధం. రెండింటినీ మొదట చెప్పింది కూడా నేనే. ఈ వృత్తి గురించి నాలుగు మాటలు రాయమన్నప్పుడు రాయడానికి వేరే సంగతులు చాలా ఉన్నాయి. కానీ ఇది రాయకుండా అవి రాస్తే మళ్ళీ దాచినట్టే అవుతుంది.

ముందు మా ల్యాబ్ ఎలా నడిచేదో చెప్పాలి. ఒక మోటారుకు ఐదుగురు విద్యార్థులు. ఒకడు కనెక్షన్ ఇస్తాడు. ఒకడు రియోస్టాట్ పట్టుకుంటాడు. అది కరెంటును ఎక్కువ తక్కువ చేసే జారుడు పిడి. మోటారు ఇరుసుకు ఒక ఇనప డ్రమ్ము, దాని చుట్టూ బెల్టు ఉంటాయి. ఆ బెల్టు బిగించి మోటారు మీద బరువు పెంచేవాడు ఒకడు. వేగం కొలిచేవాడు ఇంకొకడు. ఐదో మనిషి బల్ల దగ్గర కూర్చుని రీడింగులు రాస్తుంది. రాస్తుంది అని ఊరికే అనలేదు. ఆ అబ్జర్వేషన్ బుక్ ఎప్పుడూ అమ్మాయి చేతికే వెళ్ళేది. బ్యాచ్‌లో అమ్మాయి లేకపోతే, ఊరినుంచి వచ్చి ఇంగ్లీషుకు జంకి వెనక నిలబడే అబ్బాయి చేతికి వెళ్ళేది.

ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. నేనే ఇచ్చేవాణ్ణి. "బుక్ నువ్వు తీసుకోమ్మా, నీ రాత బాగుంటాది" అనేవాణ్ణి. అదేమంటే దుపట్టా మాట చెప్పేవాణ్ణి. తిరిగే డ్రమ్ములో దుపట్టా చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, ఆ భయం నిజమే. కానీ దానికి ఒక ఏప్రన్, జుట్టుకు ఒక రబ్బరు బ్యాండు చాలు. ఆ రెండూ ఇవ్వడం నాకు తోచలేదు. బుక్ ఇవ్వడం సులువు. అదీగాక, పని తెలిసినవాడు కనెక్షన్ ఇస్తే ఫ్యూజులు పోవు, నాలుగున్నరకల్లా ల్యాబ్ మూసి నేను బస్సు పట్టుకోవచ్చు.

గంగరత్నది ఆంధ్ర సరిహద్దు దగ్గరి బాగేపల్లి అవతల ఒక ఊరు. నాన్న టమాటా పండిస్తాడు. డిప్లొమా చదివి నేరుగా రెండో ఏడాదిలో చేరింది. దాన్ని లాటరల్ ఎంట్రీ అంటారు. వాళ్ళింట్లో ఇంజనీరింగ్ కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి. మాది మూడు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం. మొదటి రోజు నేను అటెండరుతో మాట్లాడుతుంటే విని దగ్గరికొచ్చింది.

"సార్, మీరు తెలుగోళ్ళా? మాట మా ఊర్లో మాదిరే ఉండాది."

"మరేమనుకున్నావు తల్లీ? మా అవ్వ కూడా ఇట్లే మాట్లాడేది."

ఆ రోజు నుంచి ఆమెకు నేను ఆ కాలేజీలో భయపడకుండా మాట్లాడగలిగే మనిషినయ్యాను. ఆమె రాత నిజంగా అచ్చు గుద్దినట్టుండేది. ఏడాదిన్నరలో నేను ఆమె చేతికి ఇచ్చింది ఆ బుక్ ఒక్కటే. డిప్లొమా మూడేళ్ళూ అదే జరిగిందని తరవాత తెలిసింది. అంటే నాలుగున్నరేళ్ళు మోటార్ల మధ్య తిరిగిన పిల్ల ఒక్క వైరును కూడా తన చేత్తో బిగించలేదు. ఆమె రికార్డును మాత్రం మిగతా బ్యాచ్‌లకు నమూనాగా చూపించేవాణ్ణి.

మూడో ఏడాదిలో, పరీక్షలకు నెలన్నర ముందు, ఒక మధ్యాహ్నం ఒంటరిగా ల్యాబ్‌కు వచ్చింది. ముందురోజు పీణ్యా పారిశ్రామికవాడలో ఒక ప్యానెల్ కంపెనీకి వెళ్ళొచ్చిందట. పంపులకూ మోటార్లకూ స్టార్టరు పెట్టెలు తయారుచేసే కంపెనీ అది. ఏటా ఇద్దరు విద్యార్థులను సెలవుల్లో ట్రైనింగుకు తీసుకుని, పని నచ్చితే చదువయ్యాక ఉద్యోగం ఇస్తారు.

"ఏమయ్యిందమ్మా?" అన్నాను.

"అన్నీ చెప్పినాను సార్. ఫార్ములా అడిగినారు, చెప్పినాను. సర్క్యూట్ గీయమన్నారు, గీసినాను. ఆమీద ఒక మోటారు, ఒక స్టార్టరు ముందర పెట్టి, కనెక్షన్ ఇయ్యమ్మా అన్నారు." చేతులు చూసుకుంది. "చేతికి ఏమీ రాలేదు సార్. వైరు పట్టుకోని అట్లే నిలబడినాను."

"ఏమన్నారు మరి?"

"పరీక్షలయినాక మళ్ళీ రా, చేసి చూపించు అన్నారు. ఒక సబ్జెక్టు కూడా పోగూడదంట." ఆ వెంటనే అడిగింది. "సార్, నాలుగు గంటల తర్వాత ఒక అర్ధగంట ల్యాబ్ తెరిచి పెడతారా? వారానికి రెండు రోజులు చాలు. నేనొక్కదాన్నే ఇచ్చి చూస్తా."

నేను నవ్వాను. "నాలుగు తర్వాతనా? ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటాది తల్లీ. నీకెందుకు ఆ యోచన? పరీక్షలో నీ సంగతి నేను చూసుకుంటా పో."

"పరీక్ష సంగతి కాదు సార్..."

"పోమ్మా, ఊరికే తల చెడుపుకోవద్దు."

ఆమె వెళ్ళిపోయింది. ఎదురుచెప్పే పిల్ల కాదు.

తరవాతి వారం రికార్డు సంతకానికి వచ్చినప్పుడు, పుస్తకం అట్టలోంచి ఒక కార్డ్‌బోర్డు ముక్క జారి బల్ల మీద పడింది. ఏదో పార్సిలు డబ్బాను కోసింది. దాని మీద మోటారు, స్టార్టరు, రియోస్టాట్, మీటర్లు పెన్నుతో గీసి ఉన్నాయి. వైరు బిగించే ప్రతి టెర్మినల్ దగ్గరా రవికలకు కుట్టే ప్రెస్ బటన్‌లో ఒక సగం కుట్టి ఉంది. ఎరుపు, నలుపు, పసుపు ఊలు దారాలకు రెండో సగం. దారం తీసి టెర్మినల్ మీద నొక్కితే టక్కుమని అతుక్కుంటుంది. హాస్టల్ గదిలో కూర్చుని వాటితో కనెక్షన్ ఇస్తోందన్నమాట.

"ఏమమ్మా, టైలర్ షాపు పెడతావా?" అన్నాను. పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ళు పకపకా నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వి, ముక్కను పుస్తకంలో పెట్టుకుంది. ఆ నవ్వు నేను అడగకుండానే గుర్తొస్తూ ఉంటుంది.

ఇక పరీక్ష. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కొక్కరే చెయ్యాలి. చీటీ తీసి, వచ్చిన ప్రయోగానికి ముందు అర్ధగంట సర్క్యూట్ గీసి పద్ధతి రాయాలి. తరవాత బల్ల దగ్గరికి వచ్చి కనెక్షన్ ఇచ్చి రీడింగులు తియ్యాలి. వేరే కాలేజీ నుంచి ఒక ఎగ్జామినర్ వస్తారు. మా దగ్గర ఎవరూ పైకి చెప్పని రివాజు ఒకటి ఉండేది. బాగా రాసేవాళ్ళు, పాపం చేతకానివాళ్ళు ఉంటే, వాళ్ళు కూర్చుని రాసుకుంటున్నప్పుడే నేను వెళ్ళి కనెక్షన్ ఇచ్చేసేవాణ్ణి. ఎగ్జామినర్ అటు చూస్తున్నప్పుడు మూడు నిమిషాల పని. ఎందరికో చేశాను. దాన్ని సాయం అనుకునేవాణ్ణి. విద్యార్థులు కూడా అట్లే అనుకుని దండం పెట్టేవాళ్ళు.

గంగరత్నకు చీటీలో డి.సి. షంట్ మోటార్ లోడ్ టెస్ట్ వచ్చింది. పైన చెప్పిన బెల్టు, డ్రమ్ము ప్రయోగమే అది. ఇచ్చిన మాట ప్రకారం ఆమె రాసుకుంటుండగా నేను కనెక్షన్ పూర్తిచేశాను. ఆమె లేచి వచ్చింది. ఏప్రన్ వేసుకుని ఉంది, ఎక్కడ సంపాదించిందో. జుట్టు గట్టిగా ముడేసుకుంది. బల్ల మీద సిద్ధంగా ఉన్న వైర్లను చూసింది.

"ఇది ఎవరిచ్చినారు సార్?" అంది మెల్లగా.

"మాట్లాడకుండా స్విచ్ వేసుకో" అన్నాను పెదవులు కదపకుండా.

ఆమె స్విచ్ వెయ్యలేదు. స్టార్టరు దగ్గర మొదలుపెట్టి వైర్లు ఒక్కొక్కటీ విప్పి ట్రేలో పెట్టసాగింది.

"ఏయ్, ఏం చేస్తావుండావు?"

"నేను ఇచ్చుకుంటాను సార్."

"టైము చాలదు! పిచ్చి పట్టిందా నీకు?"

"ఇప్పుడు గూడా ఇయ్యకుంటే ఇంకెప్పుడు సార్?" అంది. గొంతులో కోపం లేదు. మొత్తం విప్పి, మొదటి వైరు తీసి బిగించడం మొదలుపెట్టింది. ఒక్కో స్క్రూ దగ్గర రెండుసార్లు చూసుకుంటోంది. కానీ ఎక్కడా తడుముకోలేదు. ఎర్ర దారం తరవాత నల్ల దారం, ఆ తరవాత పసుపు దారం, అదే వరస. నాకు అర్థమైంది. అయినా నా మొహం చిటపటలాడుతూనే ఉంది.

అంతలో ఎగ్జామినర్ వచ్చారు. పెద్దావిడ, కచ్చితమైన మనిషి, కానీ మంచావిడే. మాటలు కన్నడంలో నడిచాయి, గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

"అందరూ రీడింగుల్లో ఉన్నారు. నువ్వింకా వైర్లు బిగిస్తున్నావేం?"

"కనెక్షన్ ముందే ఇచ్చి ఉండింది మేడమ్. తీసేసి నేను ఇచ్చుకుంటున్నాను."

"ముందే ఇచ్చి ఉందా? ఎవరిచ్చారు?"

గంగరత్న నావైపు చూసింది. చెప్పమన్నట్టు కాదు, చెబుతానేమో అని చూసింది. ఎగ్జామినర్ కూడా నావైపు తిరిగారు.

"ఎవరు ఇన్‌స్ట్రక్టర్? మీరు చూడలేదా?"

"నాకు తెలీదు మేడమ్" అన్నాను.

అంతే, మూడు మాటలు. ఆ ఏడాది నాకు ప్రమోషన్ రావాల్సి ఉంది, అది నిజం. ఇన్నాళ్ళ రివాజు బయటపడుతుందన్న భయం ఉంది, అదీ నిజం. కానీ ఆ క్షణంలో అంత లెక్క వేయలేదు. దొరికిపోయినవాడి నోట్లోంచి ముందు ఏది వస్తుందో అదే వచ్చింది.

"పక్కవాళ్ళెవరైనా ఇచ్చారా? చెప్పు. చెప్పకపోతే నేనేం చెయ్యాలి?" ఎగ్జామినర్ రెండుసార్లు అడిగారు. గంగరత్న తల వంచుకుని స్క్రూ బిగిస్తూనే ఉంది. నా పేరు చెప్పలేదు. ఎగ్జామినర్ నిట్టూర్చి కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

ఇంకా ఐదు నిమిషాలు ఉందనగా కనెక్షన్ పూర్తయింది. "చూడండి సార్" అని పిలిచింది. చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అలవాటుగా ఊఁ అన్నాను. స్విచ్ వేసి, స్టార్టరు పిడిని నెమ్మదిగా, మెట్టు మెట్టుగా పైకి తోసింది. మోటారు తిరిగింది. ఆమె చెయ్యి పిడిమీదే ఉంది. ఒక్క రీడింగ్ రాసేసరికి గంట కొట్టారు.

వేరేవాళ్ళు సాయం చేశారన్న అనుమానంతో, రీడింగులు లేనందుకూ, చేసిన పనికి మార్కులు పడలేదు. ల్యాబ్ పోయింది. పీణ్యా కంపెనీ ఇంకెవరినో తీసుకుంది.

పరీక్ష రోజు సాయంత్రమే మా హెచ్.ఓ.డి., అంటే శాఖాధిపతి, నన్ను పిలిచి ఆ బల్ల దగ్గర గొడవేమిటని అడిగారు. "ఏం లేదు సార్, ఆ అమ్మాయి కంగారుపడి ఉన్న కనెక్షన్ పీకేసింది" అన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు ఎంత ఊరట ఇచ్చిందో! అందుకే మళ్ళీ చెప్పాను. స్టాఫ్ రూములో చెప్పాను. తరవాత ఏటా పరీక్షల ముందు విద్యార్థులకు, "కంగారు పడొద్దండప్పా, మా దగ్గర ఒకామె ఉండేది..." అని నవ్వించేవాణ్ణి. చెప్పగా చెప్పగా నాకే అది నిజమనిపించసాగింది.

ఫలితాలు వచ్చిన వారానికి గంగరత్న ల్యాబ్‌కు వచ్చింది. తిడుతుందేమోనని మీటరు విప్పుకుని కూర్చున్నాను. ఆమె పుస్తకంలోంచి ఆ కార్డ్‌బోర్డు ముక్క తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇది ఈడనే ఉండనీ సార్. నా మాదిరి ఎవరన్నా వస్తే పనికొస్తాది. దీంట్లో కరెంటు ఉండదు కదా, మీ మెడకు ఏమీ చుట్టుకోదు."

నేను చూస్తుండగానే వెళ్ళిపోయింది. ఆరు నెలలకు ఆ ల్యాబ్ పరీక్ష మళ్ళీ రాసి పాసయింది. చివరి ఏడాది చదువు ముగించి వెళ్ళింది. ఆ మధ్యలో నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ముక్క మాత్రం నా బీరువాలో ఉండిపోయింది. రెండు మూడేళ్ళకు కాలేజీని పరిశీలించడానికి ఒక కమిటీ వస్తోందన్నారు. ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలకు, చేతిపనిలో వెనకబడ్డవాళ్ళకు మీరేం చేస్తున్నారు అని అడుగుతారట. "నీ ల్యాబ్‌లో చూపించడానికి ఏమన్నా ఉండాదా?" అని హెచ్.ఓ.డి. అడిగారు. నాకు బీరువా గుర్తొచ్చింది. ఎలక్ట్రికల్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్డుకెళ్ళి పాత టెర్మినళ్ళు కొన్నాను. కార్పెంటరుతో ఆరు ప్లైవుడ్ బోర్డులు చేయించాను. బొమ్మ అదే, వరస అదే, రంగులు కూడా అవే. కమిటీవాళ్ళు ముచ్చటపడ్డారు. వార్షికోత్సవంలో శాలువా కప్పి మైకు ఇచ్చారు. "మన గ్రామీణ విద్యార్థుల కష్టం చూసి నాకు ఈ ఆలోచన వచ్చింది" అన్నాను. చప్పట్లు కొట్టారు. బోర్డుల మీద నా పేరుతో చిన్న ఇత్తడి రేకు బిగించారు.

పోయిన ఏడాది మూడో సంవత్సరం విద్యార్థులను ఫ్యాక్టరీ చూపించడానికి పీణ్యా తీసుకెళ్ళాను. టెస్టింగ్ విభాగంలో నీలం కోటు వేసుకున్న ఒకామె మమ్మల్ని నిలబెట్టింది. గంగరత్న. చదువయ్యాక రెండేళ్ళు ఒక మోటార్ వైండింగ్ షాపులో పనిచేసి, ఆ అనుభవంతో, అప్పుడు చేజారిన ఈ కంపెనీలోనే చేరిందట. నన్ను గుర్తుపట్టి "బాగుండారా సార్?" అంది. విద్యార్థుల వైపు తిరిగి ఒక స్టార్టరు, గుప్పెడు వైర్లు బల్ల మీద పెట్టింది.

"చూసి పోయేది లేదు. ఒక్కొక్కరే వచ్చి కనెక్షన్ ఇయ్యాల. నోట్‌బుక్కులు లోపల పెట్టండి."

మొదట వచ్చిన అమ్మాయి చకచకా బిగించేసింది. గంగరత్న ఆశ్చర్యపోయింది. "అరే, ఎవరు నేర్పించినారు?"

"మా సార్ ఒక బోర్డు కనిపెట్టినారు మేడమ్. వైర్ల రంగులు గుర్తుపెట్టుకుంటే చాలు" అని ఆ అమ్మాయి గర్వంగా నన్ను చూపించింది.

గంగరత్న నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పరీక్ష రోజు చూసిన చూపే.

"కాదమ్మా" అన్నాను. "ఆ బోర్డు ఈమె చేసింది. డబ్బా అట్టతో, ప్రెస్ బటన్లతో చేసింది. నేను నవ్వినాను. ఆమీద దొంగిలించినాను. ఇంకొకటి. పరీక్షలో కనెక్షన్ పీకేసిన అమ్మాయి అని చెబుతాను కదా, అదీ ఈమే. ఆ కనెక్షన్ దొంగతనంగా ఇచ్చింది నేను. అడిగితే నాకు తెలీదన్నాను."

గంగరత్న వైర్లు సర్దుతోంది.

"ఆ పొద్దు చెప్పుంటే బాగుండు సార్" అంది.

యూనివర్సిటీకి ఉత్తరం రాయనా అని అడిగాను.

"ఏం రాస్తారు? మార్క్స్ కార్డులో రెండో అటెంప్ట్ అని ఉండాది. అది పోదు. ఇంటర్వ్యూకి పోయినచోటంతా అడిగినారు, ఏమని చెప్పేది? మీ పిల్లోళ్ళకి చెప్పండి. నన్ను కథలో వెర్రిదాన్ని చేసినారంట కదా, అది తీసేయండి చాలు." ఆ వెంటనే గొంతు పెంచింది. "సరే, టైమవుతాది. తర్వాత ఎవరు? రాండి!"

క్షమించానని అనలేదు. అనాల్సిన పనీ లేదు.

తిరిగొచ్చాక హెచ్.ఓ.డి.కి అంతా రాసిచ్చాను. "ఇప్పుడెందుకప్పా ఇదంతా? ఎవరడిగారు?" అన్నారు. అయినా ఇత్తడి రేకులు ఆరూ నేనే స్క్రూడ్రైవరుతో విప్పాను. పాత కార్డ్‌బోర్డు ముక్కకు అద్దం కట్టించి, కింద ఆమె పేరు, ఊరి పేరు రాసి ల్యాబ్ గుమ్మం పక్కన తగిలించాను. పసుపు దారం కొంచెం వెలిసిపోయింది.

చేతకానివాళ్ళ పని మనం చేసిపెట్టడం సాయమని ఇరవై ఏళ్ళు నమ్మాను. వాళ్ళ చేతికి వైరు ఇచ్చి, పక్కన నిలబడి, ఆలస్యాన్ని ఓర్చుకోవాలి. అది నాకు నేర్పిన మనిషికి దానివల్ల రెండేళ్ళు, ఒక అవకాశం పోయాయి. నేను పోగొట్టుకున్నది ఒక శాలువా.

ఇప్పుడు మా ల్యాబ్ గోడకు పది ఏప్రన్లు వేలాడుతుంటాయి. నాలుగు తర్వాత గంటసేపు తలుపు తెరిచే ఉంటుంది. ఫ్యూజులు ఎక్కువ పోతున్నాయి, నా బస్సూ పోతోంది. ఐదుగురూ వంతులవారీగా మోటారు దగ్గరే ఉంటారు. అబ్జర్వేషన్ బుక్ పట్టుకుని బల్ల దగ్గర కూర్చునేది నేను. నా రాత అర్థం కావడం లేదని పిల్లలు రోజూ గొణుగుతారు. "ఇంకోసారి చదవండి సార్, అది ఏడా ఒకటా?" అని తల మీదికి వంగి అడుగుతారు. వాళ్ళ చేతులకు గ్రీజు ఉంటుంది. బుక్ నిండా ఆ మరకలే.